చెదరగొట్టాల్సిన రేడియో క్షేత్రమే అయాన్ పుంజాన్ని ఎలా పట్టి ఉంచుతుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. లీనియర్ యాక్సిలరేటర్‌లో (క్లుప్తంగా లినాక్) రెండు డ్రిఫ్ట్ ట్యూబుల, అంటే అయాన్లు దాటిపోయే బోలు లోహపు గొట్టాల, మధ్య గ్యాప్‌లో ఉన్న రేడియో క్షేత్రం అయాన్లను ముందుకు తోస్తూనే పక్కలకు చెదరగొడుతుందనీ, అందుకే ట్యూబుల లోపల క్వాడ్రుపోల్ (నాలుగు ధ్రువాల) అయస్కాంతాలు అమరుస్తారనీ మీరు చదువుకున్నారు. మరి రేడియో ఫ్రీక్వెన్సీ క్వాడ్రుపోల్‌లో, అంటే అందరూ ఆర్‌ఎఫ్‌క్యూ అని పిలిచే యంత్రంలో, ఒక్క అయస్కాంతమూ లేకుండా ఆ రేడియో క్షేత్రమే పుంజాన్ని ఎలా కేంద్రీకరిస్తుందన్నది మీ మొదటి సందేహం. అది అంత చక్కగా పనిచేస్తున్నప్పుడు యాక్సిలరేటర్ మొత్తాన్నీ అలాగే ఎందుకు నిర్మించరన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. ఆర్‌ఎఫ్‌క్యూ ప్రధానంగా పుంజాన్ని కేంద్రీకరించే యంత్రం. అయాన్ల శక్తిని పెంచడం దానికి అదనంగా అప్పగించిన పని. పాఠ్యపుస్తకాలు దాన్ని వేగం పెంచే యంత్రంగా ముందు పరిచయం చేయడం వల్లనే ఈ తికమక వస్తుందని నా అభిప్రాయం.

మామూలు గ్యాప్‌లో చెదరగొట్టడం ఎందుకు తప్పదో ముందు చూద్దాం. అయాన్ల గుచ్ఛం, అంటే కలిసి వెళ్లే అయాన్ల గుంపు, విడిపోకుండా ప్రయాణించాలంటే ఆలస్యంగా వచ్చిన అయాన్‌కు ఎక్కువ తోపు, ముందుగా వచ్చిన అయాన్‌కు తక్కువ తోపు అందాలి. కాబట్టి క్షేత్రం పెరుగుతున్న దశలోనే గుచ్ఛం గ్యాప్‌ను దాటాలి. గ్యాప్ మొదటి సగంలో క్షేత్రరేఖలు అక్షం వైపు వంగి అయాన్‌ను లోపలికి లాగుతాయి, రెండో సగంలో అక్షం నుంచి బయటికి లాగుతాయి. అయాన్ రెండో సగానికి చేరేసరికి క్షేత్రం మరింత పెరిగి ఉంటుంది గనుక బయటికి లాగే బలమే గెలుస్తుంది. దీని వెనుక ఉన్నది లాప్లాస్ సమీకరణం. ఆవేశం లేని చోట మూడు దిశల్లోనూ ఒకేసారి అయాన్‌ను మధ్యకు తెచ్చే విద్యుత్ క్షేత్రం ఉండటం సాధ్యం కాదు. అక్షం వెంబడి కూడదీసే బలం ఎంత ఉంటే, గుండ్రని సౌష్ఠవం ఉన్న గ్యాప్‌లో అంత బలమూ రెండు అడ్డ దిశల మధ్య చెరిసగంగా పంపకమై పుంజాన్ని చెదరగొడుతుంది.

అయితే ఆ సమీకరణం కోరేది మొత్తం సున్నా కావాలని మాత్రమే. రెండు అడ్డ దిశలూ సమానంగా నష్టపోవాలని అది ఎక్కడా చెప్పదు. గుండ్రని సౌష్ఠవాన్ని వదిలేసి, అక్షం చుట్టూ నాలుగు ఎలక్ట్రోడ్లను అమర్చి, ఎదురెదురుగా ఉన్న జతకు ఒకే ధ్రువత, పక్కపక్కన ఉన్నవాటికి వ్యతిరేక ధ్రువత ఇస్తే, ఏ క్షణంలో చూసినా పుంజం ఒక తలంలో లోపలికి నొక్కబడుతూ, దానికి లంబంగా ఉన్న తలంలో అంతే బలంతో బయటికి లాగబడుతూ ఉంటుంది. అర్ధ ఆవర్తనం గడవగానే ఈ పాత్రలు తారుమారవుతాయి. 1952లో బ్రూక్‌హేవెన్‌లో కూరాంట్, లివింగ్‌స్టన్, స్నైడర్ ప్రతిపాదించిన బలమైన కేంద్రీకరణ సూత్రం ఇదే, కాకపోతే అక్కడ అయస్కాంతాల ధ్రువత స్థలంలో మారుతుంది, అంటే అయాన్ ఒక అయస్కాంతం నుంచి మరొకదానికి వెళ్తుంది. ఆర్‌ఎఫ్‌క్యూలో పొడవునా అమరిక ఒకటే, మారేది కాలంలో. అందువల్ల అయాన్ ఎంత నెమ్మదిగా కదులుతున్నా, అసలు కదలకుండా నిలబడి ఉన్నా, కేంద్రీకరణ జరుగుతూనే ఉంటుంది. 1989లో నోబెల్ బహుమతిలో భాగస్వామి అయిన వోల్ఫ్‌గాంగ్ పౌల్ అయాన్లను బంధించడానికీ, ద్రవ్యరాశిని బట్టి వేరు చేయడానికీ వాడిన నాలుగు ధ్రువాల క్షేత్రం కూడా ఇదే కోవకు చెందుతుంది.

లోపలికీ బయటికీ సమానంగా లాగితే చివరికి మిగిలేది సున్నా కాదా అని ఎక్కువమంది ఇక్కడ ఆగిపోతారు. కాదు. బలం అక్షం నుంచి ఉన్న దూరానికి అనులోమంగా ఉంటుంది. అయాన్ రేడియో పౌనఃపున్యంలో చిన్నగా వణుకుతుంది. ఆ వణుకులో అది అక్షానికి దూరంగా ఉన్న క్షణాల్లోనే లోపలికి నొక్కే బలం, దగ్గరగా ఉన్న క్షణాల్లోనే బయటికి లాగే బలం దానికి ఎదురవుతాయి. సగటు తీసుకుంటే లోపలికి నొక్కడమే కొంత మిగులుతుంది. మిగిలేది చిన్నదైన రెండో ఆర్డర్ ప్రభావమే అయినా, ఎలక్ట్రోడ్ల మధ్య క్షేత్రం చాలా బలమైనది కాబట్టి అది సరిపోతుంది. సెర్న్‌లోని లినాక్4 ఆర్‌ఎఫ్‌క్యూనే తీసుకోండి: పౌనఃపున్యం 352.2 మెగాహెర్ట్జ్, వేన్ల (అంటే పలకల్లాంటి ఆ నాలుగు ఎలక్ట్రోడ్ల) మధ్య వోల్టేజి సుమారు 78 కిలోవోల్టులు, అక్షం నుంచి వేన్ కొనకు సగటు దూరం 3.3 మిల్లీమీటర్లు. వేన్ కొనల మీద చెక్కే ఎగుడుదిగుడుల ప్రభావాన్ని (వాటి సంగతి తర్వాత చెబుతాను) పక్కనపెట్టి లెక్కిస్తే ఒక్కో రేడియో ఆవర్తనంలో అడ్డ డోలనం సుమారు 36 డిగ్రీలు ముందుకు జరుగుతుంది. అంటే పది ఆవర్తనాలకు అయాన్ అక్షానికి ఇటూ అటూ ఒక పూర్తి డోలనం చేస్తుంది. ఈ లెక్కను మీరే ఒకసారి చేసి చూడండి. ఆవేశాన్ని వోల్టేజితోనూ తరంగదైర్ఘ్యపు వర్గంతోనూ గుణించి, దాన్ని అయాన్ నిశ్చల శక్తి, కొన దూరపు వర్గం, ఈ రెండింటి లబ్ధంతో భాగిస్తే కేంద్రీకరణ గుణకం వస్తుంది. ఈ ఒక్క సంఖ్య చూస్తే చాలు, భార అయాన్లకు తక్కువ పౌనఃపున్యం ఎందుకు ఎంచుకుంటారో తెలుస్తుంది. ద్రవ్యరాశి, ఆవేశాల నిష్పత్తి 30 వరకు ఉన్న అయాన్లను స్వీకరించే కెనడాలోని ట్రయంఫ్ ఆర్‌ఎఫ్‌క్యూ 35 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేయడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇక అయస్కాంతం ఎందుకు పనికిరాదన్న విషయానికి వద్దాం. 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ కాంతి వేగంలో ఒక్క శాతం వేగంతోనే వెళ్తుంది. అయస్కాంత బలం వేగానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, ఆ వేగంలో 1 టెస్లా అయస్కాంత క్షేత్రం చేసే పనిని మీటరుకు 3 మెగావోల్టుల విద్యుత్ క్షేత్రం చేసేస్తుంది. ఆర్‌ఎఫ్‌క్యూ వేన్ కొనల మీద మీటరుకు 30 మెగావోల్టులకు మించిన క్షేత్రం కూడా నిలబెట్టగలుగుతున్నాం. పైగా స్థలం కూడా లేదు. 352 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ప్రోటాన్ అర్ధ ఆవర్తనంలో వెళ్లే దూరం 4.4 మిల్లీమీటర్లే, అంత చిన్న డ్రిఫ్ట్ ట్యూబులో అయస్కాంతాన్ని ఇరికించడం ఎవరి వల్లా కాదు. అదే ప్రోటాన్ 3 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు చేరేసరికి వేగం కాంతి వేగంలో 8 శాతం అవుతుంది, 1 టెస్లా బలం మీటరుకు 24 మెగావోల్టుల బలానికి సమానమవుతుంది, ట్యూబు పొడవు కూడా పెరుగుతుంది. పరిస్థితి ఎక్కడ తిరగబడుతుందో ఈ అంకెల్లోనే కనిపిస్తోంది. మీ రెండో సందేహానికి సగం జవాబు ఇది.

ఇంతవరకు చెప్పిన క్షేత్రంలో అక్షం వెంబడి ఏ బలమూ లేదు. నునుపైన నాలుగు ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్ ఎంత వేగంతో వచ్చిందో అంతే వేగంతో బయటికి పోతుంది. సోవియట్ శాస్త్రవేత్తలు కప్చిన్‌స్కీ, తెప్ల్యాకోవ్ 1969-70 ప్రాంతంలో చేసిన సూచన ఏమిటంటే, వేన్ల కొనలను నునుపుగా ఉంచకుండా అలలా ఎగుడుదిగుడుగా చెక్కాలి, నిలువు జత కొన అక్షానికి దగ్గరగా వచ్చిన చోట అడ్డ జత కొన దూరంగా జరగాలి. అప్పుడు అక్షం మీది పొటెన్షియల్ సున్నాగా ఉండక, దగ్గరగా ఉన్న జత వైపు మొగ్గుతుంది. అర్ధ ఆవర్తన దూరం తర్వాత రెండో జత వైపు మొగ్గుతుంది. అలా అక్షం వెంబడి ఒక క్షేత్రం పుడుతుంది, దానితో శక్తి పెరుగుతుంది. ఈ క్షేత్రం కూడా అడ్డంగా కొంత చెదరగొడుతుంది, అంటే మీరు చదువుకున్న నియమం ఇక్కడ రద్దు కాలేదు. కేంద్రీకరణ దాన్ని మించి ఉంది, అంతే. అక్షం వెంబడి క్షేత్రం కావాలంటే క్వాడ్రుపోల్ క్షేత్రంలో కొంత వదులుకోవాలి. ఎగుడుదిగుడుల లోతు పెంచినకొద్దీ శక్తి పెరుగుదల ఎక్కువవుతుంది, కేంద్రీకరణ తగ్గుతుంది. ఆర్‌ఎఫ్‌క్యూ డిజైన్ అంటే ఈ బేరాన్ని పొడవునా, ఒక్కో గడిలోనూ (ఒక జత వైపు మొగ్గు నుంచి రెండో జత వైపు మొగ్గు దాకా ఉన్న ముక్క ఒక గడి), ఎలా పరిష్కరించాలన్నదే.

ఈ ఆలోచన ఎక్కువ కాలం కాగితం మీదే ఉండిపోలేదు. 1974లో రష్యాలోని ప్రోత్వినోలో మొదటి ఆర్‌ఎఫ్‌క్యూ ప్రోటాన్లను 620 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చింది. 1980లో లాస్ అలమోస్‌లో 425 మెగాహెర్ట్జ్ నమూనా విజయవంతం కావడంతో మిగతా ప్రపంచం దీన్ని అందిపుచ్చుకుంది.

నన్నడిగితే ఈ యంత్రం చేసే అతి గొప్ప పని కేంద్రీకరణ కూడా కాదు, కేంద్రీకరణ వల్ల వీలైన మరొకటి: గుచ్ఛాలను నిదానంగా కట్టడం. అయాన్ మూలం నుంచి వచ్చే పుంజం తెంపు లేని ధార. పాత పద్ధతిలో 750 కిలోవోల్టుల కాక్‌క్రాఫ్ట్-వాల్టన్ జనరేటర్ తర్వాత ఒక చిన్న కేవిటీతో (రేడియో తరంగాలు అనునాదించే లోహపు పెట్టెతో) అయాన్ల వేగంలో ఒక్కసారిగా తేడా తెచ్చి, కొంత దూరం పోనిచ్చి, గుచ్ఛాలు ఏర్పడిన చోట లినాక్‌లోకి పంపేవారు. ఎంత జాగ్రత్తగా చేసినా పుంజంలో గణనీయమైన భాగం పట్టు తప్పి నష్టపోయేది. ఆర్‌ఎఫ్‌క్యూ డిజైనర్ మొదట కొన్ని గడులలో కొనలను బాకా ఆకారంలో విచ్చుకునేలా చెక్కి, స్థిరంగా వచ్చే పుంజాన్ని కాలంతో మారే క్షేత్రానికి అలవాటు చేస్తాడు. ఆ తర్వాత ఎగుడుదిగుడులను దాదాపు సున్నా నుంచి మొదలుపెట్టి, సమకాలిక దశను (గుచ్ఛం మధ్యలోని అయాన్ గడిని దాటే వేళకు రేడియో తరంగం ఎక్కడుందో చెప్పే కోణాన్ని; క్షేత్రం గరిష్ఠంగా ఉంటే అది సున్నా) మైనస్ 90 డిగ్రీల దగ్గర ఉంచుతాడు. అక్కడ సగటున శక్తి పెరగదు, కానీ అన్ని దశల్లోని అయాన్లూ పట్టులోకి వస్తాయి. అక్కడి నుంచి లోతునూ దశనూ వందలాది గడుల పొడవునా మెల్లగా మారుస్తూ, గుచ్ఛపు పొడవు మిల్లీమీటర్లలో దాదాపు మారకుండా చూస్తూ, చివరికి దశను మైనస్ 30 డిగ్రీల ప్రాంతానికి తెచ్చి శక్తి పెంచడం మొదలుపెడతాడు. ఒకే ఆవేశం ఉన్న అయాన్లు పరస్పరం నెట్టుకునే బలం, అంటే స్పేస్ ఛార్జ్, గుచ్ఛం ఇరుకైనకొద్దీ పెరుగుతుంది కాబట్టి ఈ నిదానం అలంకారం కాదు, అవసరం. ఇంతసేపు నిదానించడానికి వీలైంది కూడా తక్కువ వేగంలో కేంద్రీకరణ అంతటా ఉండటం వల్లనే. ఫలితంగా లోపలికి వచ్చిన పుంజంలో 90 శాతానికి పైగా బయటికి వస్తుంది. సెర్న్ 1993లో తన 750 కిలోవోల్టుల జనరేటర్‌ను తీసేసి ఆర్‌ఎఫ్‌క్యూను పెట్టింది. ఫెర్మీల్యాబ్ 2012లో అదే పని చేసింది. ఒక పెద్ద గది నిండా ఉండే హై వోల్టేజి పరికరం స్థానంలో మనిషి పొడవున్న రాగి కేవిటీ వచ్చి కూర్చుంది.

మరి ఇలాగే ఎందుకు కొనసాగించరు? ఒక గడిలో పెరిగే శక్తి వోల్టేజి మీద, ఎగుడుదిగుడుల లోతు మీద, దశ మీద ఆధారపడుతుంది, వేగం మీద కాదు. గడి పొడవు మాత్రం వేగంతోపాటు పెరుగుతుంది. కాబట్టి మీటరుకు పెరిగే శక్తి వేగానికి విలోమంగా తగ్గిపోతుంది. వోల్టేజి 78 కిలోవోల్టులు అనుకుని, లోతుకు సంబంధించిన గుణకం 0.4 అనుకుంటే, ఒక గడిలో పెరిగేది సుమారు 21 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. 1 మెగా ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర ఇది మీటరుకు 1.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు అవుతుంది, 3 దగ్గరికి వచ్చేసరికి 0.6కు పడిపోతుంది. రేడియో విద్యుత్తులో సింహభాగం వేన్ల మధ్య క్వాడ్రుపోల్ క్షేత్రాన్ని నిలబెట్టడానికే పోతుంటుంది, అదే సమయంలో బయట అయస్కాంతాలు ఆ పనిని చవగ్గా చేయగల వేగం వచ్చేసి ఉంటుంది. అందుకే ప్రోటాన్ యంత్రాలలో ఎక్కువ భాగం 2.5 నుంచి 3.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఆగిపోయి, పుంజాన్ని డ్రిఫ్ట్ ట్యూబ్ లినాక్‌కు అప్పగిస్తాయి. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం నిర్మించిన 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ యాక్సిలరేటర్ లెహిపాలో కూడా ఆర్‌ఎఫ్‌క్యూ 3 దగ్గర ఆగుతుంది. దీనికి మించినవీ ఉన్నాయి: లాస్ అలమోస్‌లోని లెడా 8 మీటర్ల పొడవుతో 100 మిల్లీఆంపియర్ల నిరంతర ప్రోటాన్ పుంజాన్ని 6.7 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చింది. జపాన్‌లోని రొక్కాషోలో ఉన్న దాదాపు 10 మీటర్ల యంత్రాన్ని 125 మిల్లీఆంపియర్ల డ్యూటెరాన్లను 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చడానికి కట్టారు. స్పేస్ ఛార్జ్ విపరీతంగా ఉన్నచోట ఖర్చుకు వెనుకాడకుండా ఆర్‌ఎఫ్‌క్యూను పొడిగించారన్నమాట.

అలా పొడిగించడంలో ఉన్న కష్టం గురించి పుస్తకాలు తక్కువ చెబుతాయి కాబట్టి కొంచెం ఎక్కువగా రాస్తాను. నాలుగు వేన్ల కేవిటీలో అయస్కాంత అభివాహం ఒక పాదభాగంలో (రెండు పక్క వేన్ల మధ్యనున్న నాలుగో వంతు ఖాళీలో) ముందుకు, పక్క పాదభాగంలో వెనక్కు ప్రవహిస్తుంది. కొసల దగ్గర వేన్లను కోసి దానికి దారి ఇస్తారు. సరిగ్గా కుదిరితే వోల్టేజి పొడవునా సమానంగా ఉంటుంది. కానీ పొడవు వెంబడి అర్ధతరంగం ఉండే మరో అనునాదం పక్కనే కాచుకుని ఉంటుంది. 352 మెగాహెర్ట్జ్ దగ్గర 3 మీటర్ల కేవిటీలో అది 3.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, 8 మీటర్ల కేవిటీలో అర మెగాహెర్ట్జ్ దూరంలోనే ఉంటుంది. అది ఎంత దగ్గరికి వస్తే, ఎక్కడో చిన్న తయారీ లోపం వల్ల వోల్టేజి ఒక కొస వైపు ఒరిగిపోవడం అంత సులువు. ఆ ఒరుగుడు పొడవు, తరంగదైర్ఘ్యాల నిష్పత్తి వర్గంతో పెరుగుతుంది. లెడా రూపకర్తలు అందుకే 8 మీటర్లను 2 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, వాటిని అనునాదం ద్వారా జతపరిచారు. ఇది చాలదన్నట్టు ఎదురెదురు పాదభాగాల మధ్య తేడాతో పుట్టే ద్విధ్రువ అనునాదాలు కూడా సమీపంలోనే తిరుగుతుంటాయి. అవి కలిసిపోతే క్షేత్ర కేంద్రం అక్షం మీద ఉండదు, పుంజం పక్కకు నడుస్తుంది. వాటిని దూరంగా నెట్టడానికి కొసల్లో కడ్డీలు పెడతారు, లేదా వేన్లను వలయాలతో కలుపుతారు.

ట్యూనింగ్ చేసేటప్పుడు సన్నని దారానికి చిన్న పూసను కట్టి, నాలుగు పాదభాగాల్లోనూ ఒకదాని తర్వాత ఒకటిగా పొడవునా లాగుతూ, పూస వల్ల అనునాదంలో వచ్చే మార్పును కొలిచి, అక్కడి క్షేత్రాన్ని లెక్కిస్తారు. తర్వాత గోడల్లోని రాగి ట్యూనర్లను లోపలికీ బయటికీ జరుపుతూ వోల్టేజి ఒకటి రెండు శాతం లోపు సమానమయ్యేదాకా మళ్లీ మళ్లీ కొలుస్తారు. ఒక వేన్ కొన 20 మైక్రాన్లు జరిగినా ఆ చోట పౌనఃపున్యం లక్ష హెర్ట్జ్ స్థాయిలో మారుతుంది కాబట్టి, ముక్కలను అతికే బ్రేజింగ్ కొలిమిలో రాగి ఎలా కదిలిందన్నది అక్కడ బయటపడుతుంది. ఆ దశలో ట్యూనర్లకు అందని లోపం ఉంటే తర్వాత చేయగలిగింది పెద్దగా ఉండదు. నడిచే యంత్రంలో మాత్రం ట్యూనింగ్ నీటితో జరుగుతుంది. కేవిటీ మొత్తం ఒక డిగ్రీ వేడెక్కితే 352 మెగాహెర్ట్జ్‌లో తగ్గేది సుమారు 6 కిలోహెర్ట్జ్‌లే; కానీ వేన్లు మాత్రమే వేడెక్కితే కొనలు దగ్గరై కెపాసిటెన్స్ పెరిగి పౌనఃపున్యం బాగా తగ్గుతుంది, గోడ మాత్రమే వేడెక్కితే పెరుగుతుంది. రెండింటికీ వేర్వేరు నీటి వలయాలు పెట్టి ఆ తేడాతోనే అనునాదాన్ని పట్టి ఉంచుతారు.

200 మెగాహెర్ట్జ్ లోపు పౌనఃపున్యాల్లో వేన్ల కేవిటీ వ్యాసం మరీ పెద్దదవుతుంది. అక్కడ కడ్డీలను కాండాల మీద నిలిపే నాలుగు కడ్డీల నిర్మాణం మేలు; ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో దీన్ని బాగా అభివృద్ధి చేశారు. ద్విధ్రువ అనునాదాల బెడద దానిలో లేదు, మరమ్మతు సులువు. నిరంతరాయంగా పెద్ద విద్యుత్తుతో నడపాలంటే మాత్రం కడ్డీలను చల్లార్చడం కష్టమవుతుంది. అటు చివర సెర్న్ 750 మెగాహెర్ట్జ్ దగ్గర, 2 మీటర్లలోనే ప్రోటాన్లను 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చే ఆర్‌ఎఫ్‌క్యూను వైద్య లినాక్‌ల కోసం తయారుచేసింది. అక్కడ కావలసిన కరెంటు అతి తక్కువ కాబట్టి, పుంజంలో కొంత భాగాన్ని తక్కువ శక్తి దగ్గరే వదిలేసుకుని యంత్రాన్ని పొట్టి చేయడం వీలైంది.

చివరగా, రేడియో క్షేత్రంతో కేంద్రీకరించే మార్గం ఆర్‌ఎఫ్‌క్యూ ఒక్కటే కాదని గమనించండి. 1950లలోనే ప్రతిపాదించిన ఏకాంతర దశా కేంద్రీకరణలో గుండ్రని గ్యాపులనే ఉంచి, సమకాలిక దశను కొన్ని గ్యాపులలో రుణాత్మకంగానూ కొన్నిటిలో ధనాత్మకంగానూ పెడతారు. ఒక చోట అక్షం వెంబడి కూడదీస్తూ అడ్డంగా చెదరగొడతారు, మరో చోట దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. అయస్కాంతమూ అక్కర్లేదు, ప్రత్యేక ఎలక్ట్రోడ్లూ అక్కర్లేదు. జపాన్‌లోని చిబాలో కార్బన్ చికిత్స కోసం రూపొందించిన ఇంజెక్టర్‌లో 200 మెగాహెర్ట్జ్ యంత్రం కార్బన్ అయాన్లను ఒక్కో న్యూక్లియాన్‌కు 0.6 నుంచి 4 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు ఇలాగే తీసుకెళ్తుంది. అయితే లాప్లాస్ పంపకంలో అటూ ఇటూ వంతులు మార్చుకోవడమే తప్ప అదనపు బలం ఏదీ లేదు కాబట్టి, దాని పట్టు బలహీనం. ఎక్కువ కరెంటునూ, గుచ్ఛాలు కట్టని ధారనూ అది స్వీకరించలేదు. చిబాలో దానికి ముందు నిలబడి, ఒక్కో న్యూక్లియాన్‌కు 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పుంజాన్ని అందుకుని, గుచ్ఛాలు కట్టి అప్పగించేది ఒక ఆర్‌ఎఫ్‌క్యూయే. తెప్ల్యాకోవ్ ప్రోత్వినోలో మరో దారి పట్టాడు. ప్రతి గ్యాప్‌లోనూ గుండ్రని సౌష్ఠవాన్ని చెడగొట్టే ఎలక్ట్రోడ్లను చేర్చి, కేంద్రీకరణ కాలంలోనే కాక స్థలంలోనూ మారేలా చేసి, యురాల్-30 అనే లినాక్‌లో ప్రోటాన్లను 30 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా అయస్కాంతాలు లేకుండా నడిపించాడు. అంటే సూత్రరీత్యా అడ్డంకి లేదు. కానీ ఆ శక్తి దగ్గర చిన్న శాశ్వత అయస్కాంతాన్ని విద్యుత్తు ఖర్చు లేకుండా డ్రిఫ్ట్ ట్యూబులో పెట్టుకునే వీలుండగా, రేడియో విద్యుత్తును కేంద్రీకరణకు వెచ్చించడానికి ఇతర ప్రయోగశాలలు పెద్దగా మొగ్గు చూపలేదు.